గంపల స్టాపు

"ఒసే షాలూ, బస్సొస్తందట!"

ఎజ్రా గుమ్మంలోంచి ఆ కేక పెట్టేసరికి షాలిని ఓవెన్ ముందు ఉంది. రెండు చేతుల్లో వేడి ట్రే, ట్రే నిండా అప్పుడే పొంగిన బన్నులు. మరో రోజైతే ట్రేని బల్ల మీద దించి, చేతిగుడ్డలు మడిచి, కొంగుతో ముఖం తుడుచుకుని, అప్పుడు సంతోషించేది. ఈసారి వరస తప్పింది. ముందే సంతోషించేసింది. బన్నులు నాలుగు దిక్కులకీ దొర్లాయి. ఒకటి షట్టరు దాటి రోడ్డు మీదికి బయల్దేరింది, బస్సుకి ఎదురెళ్లడానికన్నట్టు.

"ఏ బస్సు బావా?"

"ఏ బస్సంటావేటి? బస్సే! విజయనగరం బస్సు. ఇప్పటిదాకా మనోళ్లని హైవే మీదే దింపీసి పోయేది కదా, సోమారం నుంచి మన రోడ్డులో దిగి సముద్రం దాకా ఎల్తాదట. డిపోలో మా ఫ్రెండు సెప్పినాడు."

షాలిని అతని చెయ్యి పట్టుకుని గిర్రున ఒక చుట్టు తిరిగింది. అతని కనుబొమ్మ మీద మైదా, ఆమె ముక్కు మీద మైదా. చుట్టు పూర్తయ్యేసరికి మామగారు ఏసురాజు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, రోడ్డు మీద దొరికిన బన్ను చేత్తో పట్టుకుని.

"దొర్లించి అమ్మడం కొత్త పద్దతేటి?" అన్నాడాయన. "అయినా కొనీవోళ్లేరి గానీ."

ఆ చివరి మాటలోనే ఉంది వాళ్ల బాధంతా.

జీడితోట కాలనీ భోగాపురం దాటాక, హైవే నుంచి సముద్రం వైపు చీలే రోడ్డు మీద ఉంటుంది. పేరుకే జీడితోట. ఎయిర్‌పోర్టు వస్తుందన్న మాట పుట్టిన దగ్గర్నుంచి జీడిచెట్లు మాయమై, వాటి చోట ప్లాట్ల తెల్లరాళ్లు మొలిచాయి. వాటికి ఎరువక్కర్లేదు, నీళ్లక్కర్లేదు, ఏటికేడాది ధరలు కాస్తాయి. నిన్నటిదాకా జీడిగింజలు ఏరినవాళ్లు నీలం యూనిఫాం తొడుక్కుని ఆ రాళ్లకి కాపలా కాస్తున్నారు. ఆటో నడిపే కుర్రాళ్ల జేబుల్లో విజిటింగ్ కార్డులున్నాయి. ఆడవాళ్లు తెల్లారకుండానే కంపెనీ వ్యానులెక్కి మందుల ఫ్యాక్టరీలకి పోతున్నారు. కూరగాయల కొట్టు ఇంకా రాలేదు గానీ బ్యూటీ పార్లరు వచ్చేసింది. వీధి దీపాలు వెలగవు గానీ, లేఅవుట్ల ఆర్చీలకి మాత్రం సీరియల్ బల్బులు రంగులు మార్చుకుంటూ తిరుగుతాయి.

షాలినికి ఈ హడావుడంతా భలే సరదా. గజపతినగరంలో పుట్టి, అక్కడే డిగ్రీ చదివి, ఆ ఏడే పెళ్లి చేసుకుని ఇక్కడికొచ్చింది. పెళ్లి ఆల్బమ్ ఇంకా స్టూడియో నుంచి రానేలేదు. సాయంత్రాలు ఇద్దరూ ఖాళీ లేఅవుట్లలోకి షికారు పోయేవాళ్లు. నాలుగు రాళ్ల మధ్య నిలబడి "ఇది మన హాలు, ఇది వంటిల్లు, ఆ మూల నీ అలక గది" అని షాలిని చూపించేది. మర్నాడు ఆ ప్లాటు నచ్చలేదని ఇంకో దాంట్లోకి కాపురం మార్చేది. ఇన్నిసార్లు ఇల్లు మారినా సామాను మోసే పని లేకపోవడం ఎజ్రాకి నచ్చింది.

ఏసురాజు తోటంతా అమ్మేసినా రోడ్డు వార ఒక ముక్క ఉంచుకుని, అందులో షట్టరు గది కట్టాడు. వైజాగులో పెద్ద బేకరీలో పని నేర్చుకొచ్చిన ఎజ్రా ఆ గదిలో 'షాలోమ్ బేకరీ' తెరిచాడు. షాలోమ్ అంటే శాంతి అని పాస్టరుగారు ప్రారంభ ప్రార్థనలో చెప్పారు. కొట్లో అది కావలసినంత ఉంది. ప్లాట్లు చూడ్డానికి వచ్చేవాళ్లు కారు అద్దాలు దించకుండా పోతారు. కంపెనీ వ్యాను కొట్టు తెరవకముందే పోతుంది, మూశాక వస్తుంది. నడిచి వెళ్లే జనం లేని రోడ్డు మీద క్రీమ్ బన్ను ఎంత మెత్తగా ఉంటే మాత్రం ఎవరికి తెలుస్తుంది?

"క్రిస్మస్ దాకా సూస్తాను," అన్నాడు ఏసురాజు ఒకరోజు కుటుంబ ప్రార్థన ముగిసీ ముగియగానే. "ఆమెన్ తరవాత సెప్తన్నాను గాబట్టి ఇది గట్టి మాటే. అప్పటికీ ఇలగే ఉంటే గది ఆ లేఅవుటు నరసింగరావుకి ఆఫీసుకి ఇచ్చీస్తాను. ఆడు ఏసీ పెట్టుకుంటానంతన్నాడు. ఒరే ఎజ్రా, నువ్వు మళ్లీ వైజాగు బేకరీలో సేరు. ఆదివారం ఆదివారం వద్దువు గానీ. కోడలు మా కాడే ఉంటాది."

ఆదివారం ఆదివారం! వైజాగు బేకరీ కుర్రాళ్లంతా ఒకే గదిలో చాపలు పరుచుకుని పడుకుంటారు. ఆ చాపల వరసలో ఎజ్రాని ఊహించుకుంటే షాలినికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. వారానికొక్క రోజు మొగుణ్ణి చూసుకోవడానికా పెళ్లి చేసుకుంది?

అందుకే ఆ బస్సు కబురుకి బన్నులు దొర్లాయి.

*

అయితే బస్సు రావడం వేరు, ఆగడం వేరు.

శుక్రవారం నాడు రోడ్డు చూసుకోవడానికి ఖాళీ బస్సొకటి వచ్చింది. డిపో నుంచి గణపతిరావు అనే అధికారి, డ్రైవరు అసిరయ్య దిగారు. షాలిని అప్పటికే ప్లమ్ కేకు కోసి, రెండు పళ్లాల్లో పెట్టుకుని సిద్ధంగా ఉంది. డ్రైవరు నోరు తీపి చేస్తే బస్సు దానంతటదే ఆగుతుందని ఆమె లెక్క.

"వద్దమ్మా," అన్నాడు అసిరయ్య, కేకు వంక పోగొట్టుకున్న వస్తువుని చూసినట్టు చూస్తూ. "సుగరు. ఇంటికాడ మా ఆవిడ నా నోరు వాసన సూస్తాది."

గణపతిరావు మాత్రం రెండు పళ్లాలూ ఖాళీ చేసి, చేతులు దులుపుకుని, రూలు చెప్పాడు. "కేకు బాగుందమ్మా. కానీ స్టాపు కేకుతో రాదు. ఈ కాలనీకి ఒకటే స్టాపు. మొదటి రోజు జనం ఎక్కడుంటే అక్కడే స్టాపు. నేనే బస్సులో వచ్చి చూస్తాను."

"జనం మా దగ్గరుంటారు సార్!" అన్న గొంతు షాలినిది కాదు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు, 'రన్‌వే ఎన్‌క్లేవ్' లేఅవుటు యజమాని నరసింగరావు. ఆయన టీవీలో వాళ్లలా మాట్లాడాలని చూస్తాడు, ఉత్సాహం వస్తే మాత్రం సొంత భాష తన్నుకొచ్చేస్తుంది. "మా వెంచర్ ముందు వరల్డ్ క్లాస్ బస్ షెల్టర్ వేయించాను సార్. స్టీలు బెంచీలు, ఫ్యాను, మొబైల్ ఛార్జింగు... అన్నీ పెట్టీసినాను!"

నిజమే. బేకరీ దాటి కాస్త ముందుకెళ్తే, రోడ్డు మలుపుకి ముందర, మిలమిలా మెరుస్తూ ఉందది. ఫ్యానుకి కరెంటు ఇంకా రాలేదు.

గణపతిరావు షెల్టరు చూడ్డానికి వెళ్లాడు. అసిరయ్య బేకరీ మెట్టు మీద కూర్చుని ఉత్త టీ తాగుతూ షాలినిని ఓదార్చాడు. "నాదేటున్నాదమ్మా, ఆపమన్న కాడ ఆపుతాను. సముద్రపు పల్లెల రూట్లో సేసి సేసి నాకో జబ్బు పట్టుకుంది. గంపలు వరసగా కనబడితే సాలు, నేను సెప్పకండానే నా కాలు బ్రేకు మీదికెళ్లిపోద్ది."

షాలిని ఆ మాటని అప్పుడు అంతగా పట్టించుకోలేదు. తీపి లేని సరుకొకటి తన కొట్లో లేదే అన్న బెంగలో పడింది. ఆ సాయంత్రమే ఇద్దరూ కలిసి వాము బిస్కెట్లు కాల్చారు. మొదటి ట్రే మాడింది, తప్పు ఎజ్రాదే. ఓవెన్ వంక చూడాల్సినవాడు ఎటో చూస్తూ ఉండిపోయాడు.

*

శనివారం మధ్యాహ్నం లక్ష్మణమ్మ బేకరీ మెట్టు మీద గంప ధన్‌మని దించింది. సముద్రపు ఒడ్డు పల్లె నుంచి చేపలు నెత్తిన పెట్టుకుని రోజూ హైవే దాకా నడిచి పోయే మనిషి. తిరిగొచ్చేటప్పుడు టీలో బన్ను ముంచుకు తినడం ఆమె అలవాటు. నిజానికి షాలోమ్ బేకరీకి నమ్మకమైన ఖాతాదారు ఆమె ఒక్కతే.

"ఏటత్తా, అలగున్నావు?" అంది షాలిని.

"ఎలగుండాలి? ఆ సినిమా సెట్టింగులాటిది కట్టీసినాడు సూడు నరసింగరావు, ఆ బెంచీ మీద ఒక్క నిమసం కూకున్నానమ్మా. కాపలా గుంటడొచ్చి లెగమన్నాడు. ఏటిరా అంటే బోర్డు సూపించినాడు. నాకు సదువొచ్చేటి? ఆడే సదివినాడు. సేపల గంపలు పెట్టరాదంట!"

"అలగని రాసినాడా?"

"ఎర్ర రంగుతో రాయించినాడంట. ఒరే నరసింగా, నీ సిన్నప్పుడు మా గంపలో మిగిలిన నెత్తళ్లు తినే గదరా నువ్వు ఇంతోడివైనావు, అన్నాను. ఆడికేటి ఇనబడతాది, ఏసీ కార్లో అద్దాలెత్తుకుని కూకున్నాడు." లక్ష్మణమ్మ బన్నుని టీలో ముంచిన తీరు చూస్తే అది బన్ను కాదు, నరసింగరావు.

షాలిని ఎదర చూసింది. కాలనీ కుళాయి దగ్గర, నీళ్లు రావడానికి ఇంకా చాలా సేపుండగానే, గంపలూ బిందెలూ తట్టలూ వరసగా ఉన్నాయి. మనిషన్నది లేదు.

"అవెవరివత్తా? ఎవరూ లేరేటి?"

"లేకపోడమేటి? గంపలున్నాయి కదా." లక్ష్మణమ్మకి ఆ ప్రశ్నే వింతగా తోచింది. "మా దిక్కు గంప పెడితే మనిసి ఉన్నట్టేనమ్మా. రేషను కొట్టు కాడైనా, బస్సు కాడైనా అంతే. గంపని దాటీసి ముందుకెళ్లినోణ్ణి ఎవులూరుకుంతారు? పీక పట్టుకుంతారు."

షాలిని చేతిలో టీ గరిట ఆగిపోయింది. అసిరయ్య కాలు గుర్తొచ్చింది. కళ్లు ఇంత చేసుకుని ఎజ్రా వంక చూసింది. ఎజ్రాకి ఆ చూపు తెలుసు. పెళ్లైన వారానికే అతని మీసం తీయించిన చూపది.

"అత్తా," అంది షాలిని, ఇంకో బన్ను ఆమె చేతిలో పెడుతూ, "సోమారం పొద్దున్న మీ వాళ్లందరూ హైవేకి నడిచి ఎల్లొద్దు. ఇక్కడికొచ్చి మా కొట్టు ముందర నిలబడండి. బస్సు తిరిగెల్లేటప్పుడు దాన్లోనే పోదురు గానీ. టీ, బన్ను మావే."

లక్ష్మణమ్మ బన్ను అందుకుంది. "ఆ ఎర్ర రంగోడి మొకం ఎలగవుతాదో సూడొచ్చా?"

"ముందు వరసలోంచి సూడొచ్చు."

"అయితే వస్తాం."

*

సోమవారం పొద్దున్నే షెల్టరు దగ్గర పండగలా ఉంది. బ్యాండు మేళం, మైకు, గుండిగల్లో ఉప్మా. వచ్చిన ప్రతివాడికీ నారింజ రంగు టీ షర్టు, దాని మీద ఎగురుతున్న విమానం. కాలనీ కాలనీ అంతా అక్కడే ఉంది. ఎజ్రా వెళ్లి చూసొచ్చి, ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు.

"ఏటైంది బావా?"

"మా నాన్న కూడా ఆ చొక్కా తొడుక్కున్నాడు. తెల్ల చొక్కా మీదనే తొడిగీసుకుని ఉప్మా తింతన్నాడు."

"మావగారా!"

"ఉచితంగా ఇస్తంటే వద్దంటే బావుంటాదేట్రా, అన్నాడు."

షాలినికి నవ్వొచ్చింది గానీ నవ్వు సగంలోనే ఆగింది. బేకరీ ముందు పిట్ట లేదు. లక్ష్మణమ్మ లేదు, ఆమె వాళ్లూ లేరు. రోడ్డు మీద ఎండ మాత్రం నిలబడింది. షాలిని ఓవెన్ దగ్గరికెళ్లి, అక్కర్లేని ట్రే ఒకటి తీసి మళ్లీ పెట్టింది. చాపల వరస కళ్ల ముందు కదిలింది.

అప్పుడొచ్చింది సముద్రం వైపు నుంచి ఒక ఆటో. దాని మీద, లోపల, వెనక, ఎక్కడ చూసినా గంపలే. గంపల మధ్యలోంచి లక్ష్మణమ్మ తల.

"మిగతావాళ్లేరత్తా?"

"ఏం సెప్పమంటావు! తెల్లారేసరికి ఒడ్డుకి కవళ్ల సేపలు ఇరగబడి వచ్చీసినాయి. వలలు ఎత్తలేక సస్తన్నారు. ఒక్క ఆడమనిసి కదలనంటాది. కదిలితే మాత్రం బాగుంటాదేటి?" లక్ష్మణమ్మ ఆటో దిగి నడుం మీద చేతులేసుకుంది. "అందుకే గంపలంపినారు. కవళ్లు ట్రాక్టరు మీదే ఎల్లిపోతన్నాయిలే, గంపలతో పని లేదు. ఎత్తండి, ఎత్తండి!"

ముగ్గురూ కలిసి దించారు. కొత్త గంపలు, అడుగు ఊడిన గంపలు, ప్లాస్టిక్ సంచీ కుట్టిన గంపలు. లక్ష్మణమ్మ ఒక్కో గంపనీ ఒక్కో పేరుతో పిలుస్తూ వరస పేర్చింది. "ఇది మరిడమ్మ. ఇది దాని తోడికోడలు. ఇద్దరికీ మాటల్లేవు, దూరంగా పెట్టు బాబూ, దెబ్బలాడుకుంతారు."

ఎజ్రా ఆ రెండు గంపల మధ్య ఇంకో గంప పెట్టాడు. అతని ముఖంలో నవ్వు తిరిగొచ్చింది.

హారన్ వినబడింది.

హైవే వైపు నుంచి బస్సు, అద్దానికి మామిడాకులు, బంతిపూల దండ. మెట్టు మీద గణపతిరావు, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో ఎదర మెరుస్తున్న షెల్టరు వైపు చూపిస్తున్నాడు. బస్సుకి వేగం తగ్గే సూచన ఏదీ లేదు. షెల్టరు దగ్గర మైకులో నరసింగరావు "లేడీస్ అండ్ జెంటిల్‌మెన్" అన్నాడు. బ్యాండు అందుకుంది. షాలిని ఎజ్రా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, గోళ్ల గుర్తులు సాయంత్రానికి కూడా పోలేదు.

బస్సు బేకరీ ముందుకొచ్చింది. అసిరయ్య కళ్లు రోడ్డు మీదున్నాయి. ఓరకంట గంపల వరస పడింది.

కీచుమని బస్సు ఆగింది.

"ఇక్కడెందుకాపావయ్యా?" అన్నాడు గణపతిరావు, పడబోయి నిలదొక్కుకుంటూ.

"నేనాపలేదు సార్. కాలాపింది."

"ఎవరివమ్మా ఈ గంపలు? మనుషులేరి?"

లక్ష్మణమ్మ నోటి నిండా బన్నుతో కొట్లోంచి బయటికొచ్చింది. "వస్తన్నారు బావూ! గంపలుంటే మనుసులు లేకపోతారేటి? ఒక్క నిమసం ఓపిక పట్టు. ఈలోపు టీ తాగు."

గణపతిరావు "పోనీ పోనీ" అనేలోపే వాము బిస్కెట్ల పళ్లెం డ్రైవరు కిటికీ దగ్గరికి చేరింది. "తీపి లేదు బాబాయ్," అంది షాలిని. "పిన్నిగారు వాసన చూసినా వామే తగులుతుంది." అసిరయ్య ఒకటి కొరికి, కళ్లు మూసుకున్నాడు. డ్రైవరు కళ్లు మూసుకున్న బస్సు ఎక్కడికి పోతుంది?

ఆ ఒక్క నిమిషమే చాలింది.

జీడితోట కాలనీ జనానికి బస్సు గురించి బాగా తెలిసిన సంగతి ఒకటే. బస్సు అన్నది ఎవరికోసమూ ఆగదు. ఎక్కడైనా ఆగిందంటే పరిగెత్తాల్సిందే. హైవే మీద జీవితమంతా అలాగే ఎక్కారు. ఇప్పుడు బస్సు కనబడింది, ఆగింది, కదలడం లేదు. షెల్టరులో నారింజ చొక్కాలు మెడలు చాచి చూశాయి.

"ఓరి బాబో, అక్కడే ఎక్కించీసుకుంతన్నార్రా! సీట్లయిపోతాయి!" అని ఎవరో అరిచారు.

అంతే. విమానం బొమ్మలన్నీ ఒక్కసారి గాల్లోకి లేచినట్టు బేకరీ వైపు వచ్చిపడ్డాయి. ఉప్మా పళ్లాలతో కొందరు, చెప్పులు చేతబట్టుకుని కొందరు. బస్సు చేరీచేరగానే కిటికీల్లోంచి కర్చీఫులు, తువ్వాళ్లు, ఒక ఆకతాయి విప్పిన టీ షర్టు, సీట్ల మీదికి ఎగిరిపడ్డాయి. సీటు మీద గుడ్డ వేస్తే మనిషి కూర్చున్నట్టే. గంపల శాస్త్రమే అది కూడా.

ఆ గుంపులో ఏసురాజు ఉన్నాడు. ఉప్మా పళ్లెం ఒలక్కుండా తెచ్చుకున్నాడు. తెచ్చుకున్నవాడు బస్సు కేసి కాక కొట్టు కేసి తిరిగాడు. ఉప్మా గొంతుకి అడ్డం పడింది, టీ కావాలి. కొట్టు ముందు అప్పటికే ఇంత జనం. పరిగెత్తినవాళ్లకి దాహం వేసింది, బన్నుల వాసన తగిలింది.

"తాతా, తోసుకు రాకు. లైన్లో రా!" అన్నాడెవడో కుర్రాడు.

"ఒరే, ఈ కొట్టు నాదిరా!"

"నీదైతే లోపలుండాలి గానీ బయటెందుకున్నావు?"

ఏసురాజు అటూ ఇటూ చూసి, వరస చివర నేల మీద తన ఉప్మా పళ్లెం పెట్టి, పక్కకెళ్లి నీడలో నిలబడ్డాడు. పళ్లెం వరసలో ఉంది గదా, ఇంక ఎవరేమంటారు?

గణపతిరావు మెట్టు మీది నుంచి ముందుకి చూశాడు. షెల్టరులో స్టీలు బెంచీలు, తిరగని ఫ్యాను, ఊదడం ఆపిన బ్యాండు, దండ పట్టుకున్న నరసింగరావు. వెనక్కి చూశాడు. కాలు పెట్టడానికి చోటు లేదు.

నరసింగరావుకి విషయం అర్థమై పరుగందుకున్నాడు. తెల్ల బూట్లు ఎర్రమట్టిలో టపటపమని, చేతిలో దండ ఊగుతూ. "సార్! సార్! స్టాపు ఇక్కడ కాదు సార్, అక్కడ!"

"అక్కడ ఎవరున్నారండీ?"

"నేనున్నాను గదా సార్!"

"మీరూ ఇక్కడే ఉన్నారు కదా," అన్నాడు గణపతిరావు, ఆయన చేతిలో దండ తీసుకుని బస్సు అద్దానికి తగిలిస్తూ. "జనం ఎక్కడుంటే అక్కడే అన్నాను. ఇదే స్టాపు. అమ్మా, ఆ కేకు ఇవాళ లేదా?"

షాలినికి ఆ మాట వినబడలేదు. మాంసం కూర ఉడికేటప్పుడు మూత ఎగిరినట్టు ఆమె గుండె ఎగురుతోంది. ఎజ్రా ఒక చేత్తో టీ పోస్తూ, రెండో చేత్తో బన్నులు అందిస్తూ, బల్ల కింద కాలితో ఆమె కాలు తొక్కాడు. అదే వాళ్ల శుభాకాంక్ష.

బస్సు కదిలే ముందు అసిరయ్య గంపల వైపు వంగి చూశాడు. ఒకదాంట్లోనూ చేప లేదు, తడి లేదు, అడుగు లేని గంపలోంచి నేల కనబడుతోంది. షాలిని బిస్కెట్ల పళ్లెం ఇంకాస్త దగ్గరికి జరిపింది.

"నా కాలు మోసపోనాదమ్మా," అన్నాడాయన మెల్లగా. ఇంకో వాము బిస్కెట్టు తీసి జేబులో వేసుకున్నాడు. "దానికి నేను సెప్పనులే."

*

సాయంత్రం షట్టరు సగం దించే వేళకి నరసింగరావు వచ్చాడు. బూట్లు తుడుచుకున్నాడు గానీ ఎర్రమట్టి పోలేదు. స్టూలు మీద కూర్చుని, పఫ్ ఒకటి, టీ ఒకటి అడిగాడు. లక్ష్మణమ్మ మెట్టు మీదే ఉంది, కవళ్ల గంప పక్కన పెట్టుకుని. ఏసురాజు నారింజ చొక్కా విప్పలేదు, గాలి బాగా ఆడుతోందట.

"మేడమ్, నేను ఒక ప్రపోజల్‌తో వచ్చాను," అన్నాడు నరసింగరావు టీవీ గొంతుతో. పఫ్ కొరికాక ఆ గొంతు జారిపోయింది. "ఏటి సెప్పమన్నారు... బస్సు ఇక్కడాగతన్నాది, షెల్టరు అక్కడున్నాది. కస్టమర్లు నవ్వుతన్నారు. రేపు పొద్దున్న క్రేను తెప్పిస్తన్నాను. బోల్టులు ఊడదీసి, ఎత్తీసి, తెచ్చి మీ కొట్టు పక్కన పెట్టీసుకుంతాను. కాదనకండి."

"పెట్టుకోండి," అంది షాలిని. "కానీ లక్ష్మణమ్మత్త ఒప్పుకోవాలి."

నరసింగరావు టీ అంతా తాగి, అప్పుడు గానీ లక్ష్మణమ్మ వైపు చూడలేదు.

"ఆ ఎర్ర రాత సెరిపీసి తేవాల," అంది ఆమె. "సెరిపిన కాడ గంపలు పెట్టుకోడానికి ఓ అరుగు కట్టించాల. ఒరే నరసింగా, నీకూ ఇన్ని కవళ్లు తెచ్చినాను, పట్టుకెళ్లు. మీ అమ్మకిట్టం."

నరసింగరావు కవళ్ల పొట్లం అందుకున్నాడు. తెల్ల చొక్కాకి వాసన అంటుతుందేమోనని దూరంగా పట్టుకుని, రెండడుగులేశాక మామూలుగానే పట్టుకున్నాడు. మెట్టు దిగుతూ ఏసురాజుని అడిగాడు. "మావా, మరి ఆ గది సంగతి? క్రిస్మస్ తరవాత ఇస్తానన్నావు కదా."

ఏసురాజు గొంతు సవరించుకున్నాడు. "ఏ గది?"

"ఇదే గది."

"ఇది ఖాళీ లేదు గదరా. సూడు, నాకే లైన్లో సోటు దొరకలేదు."

అని లేచి వెళ్లిపోయాడు, ఇంకెవరూ ఏమీ అడక్కుండా.

ఎజ్రా షట్టరు దించాడు. దించి, ఖాళీ ట్రేలన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టాడు. ఖాళీ ట్రేలు ఇంత అందంగా ఉంటాయని వాళ్లకి అంతవరకూ తెలియదు. అడుగున ఒక్క క్రీమ్ బన్ను మిగిలింది. ఇద్దరూ చెరో వైపు నుంచి కొరుక్కుంటూ మధ్యలో కలుసుకున్నారు.

"రేపటి సంగతి ఇను," అన్నాడు ఎజ్రా, మీసం లేని మూతి తుడుచుకుంటూ. "క్రేను రాకముందే పిండి కలపాల. వాము బిస్కెట్లు రెండు ట్రేలెక్కువ. బస్సు వచ్చేసరికి బన్నులు పొంగి ఉండాల. కోడి కుయ్యకముందే నేను లేస్తాను, నువ్వూ లెగాల."

"అలాగే," అంది షాలిని బుద్ధిగా. ఆ బుద్ధి చూసి ఎజ్రాకి అనుమానం వచ్చింది. వెనక్కి తిరిగితే, ఆమె కొట్టు మూలనున్న అడుగు లేని గంప చంకనెత్తుకుని వెనక గుమ్మంలోంచి ఇంటి వైపు నడుస్తోంది.

"ఒసే, అదెక్కడికి?"

"మన మంచం పక్కకి బావా. రేపు నువ్వు లేచి, దీన్ని పట్టుకెళ్లి ఓవెన్ ముందర పెట్టు. నేను లేచినట్టే లెక్క."